నీలం దారంతో కుట్టిన సమన్లు

కోర్టు రికార్డు గది నుంచి బైండింగుకు వచ్చిన ఉత్తర్వుల కట్టలో తన విడాకుల డిక్రీ తానే చూసుకుని, సూది చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయిన బైండింగు దుకాణం సూదిపిల్లను పోయిన వారం కుట్టుబల్ల దగ్గర వదిలిపెట్టాం. వేలికి సూది గుచ్చుకుని, కాగితం మీద పడిన చుక్కను తుడవబోతే కనిపించింది ఆమె పేరు. పక్కనే భర్త పేరు. కింద ‘ప్రతివాదిని పలుమార్లు పిలిచినా హాజరు కానందున’ అన్న మాట. ఎవరు పిలిచారో, ఎప్పుడు పిలిచారో, ఎక్కడ నిలబడి పిలిచారో ఆమెకు తెలియదు. ఎదుటి మనిషి రాకుండానే ఇచ్చేసే ఇలాంటిదాన్ని ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారనీ, తెలిసిన నాటి నుంచి ముప్పై రోజుల్లో రద్దు చేయమని అడగవచ్చనీ అక్క వాళ్ళ వీధిలో ఉండే లాయరమ్మ చెప్పింది. పదకొండో రోజుకే పిటిషన్ పడింది. ఈ రోజు దాని విచారణ.

కోర్టు హాలు మూడో అంతస్తులో ఉంది. కింద లిఫ్టు తలుపుకు ‘పనిచేయదు’ అని అట్టముక్క వేలాడుతోంది.

“ఊళ్ళో లిఫ్టులన్నీ మీ ఆయనే బాగుచేస్తాడు. మనం ఎక్కాల్సిన లిఫ్టుకి మాత్రం అట్ట కట్టి ఉంటుంది. నీ కాపురం వచ్చి నా మోకాళ్ళ మీద పడిందే,” అంది అక్క రెండో అంతస్తు మలుపులో గోడ పట్టుకుని రొప్పుతూ.

“మా ఆయన కాదుగా ఇప్పుడు.”

“కాకపోతే మరి ఈ మెట్లన్నీ ఎందుకెక్కుతున్నామే?”

సూదిపిల్ల అక్క చేతిలోని సంచి అందుకుని మిగిలిన మెట్లు ఎక్కింది.

మూడో అంతస్తులో లిఫ్టు ముందు జనం గుమిగూడి ఉన్నారు. వాళ్ళ మధ్యలో, ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, నేల మీద మోకాలు ఆనించి, గోడలోని కరెంటు పెట్టెలో తల దూర్చి ఉన్నాడొక మనిషి. వెనక నుంచి చూసినా ఆమెకు తెలిసిపోయింది. మెడ మీద ఆ పుట్టుమచ్చ ఇంకెవరికి ఉంటుంది?

ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. మాటలు తక్కువ మనిషి. ఎవరేది చెబితే దాన్ని చెప్పినట్టే తీసుకునే మనిషి. పెళ్ళైన కొత్తలో ఒకసారి కోపం పట్టలేక, “నా కళ్ళ ముందు నుంచి పో” అందామె. మేడెక్కి కూర్చున్నాడు. సాయంత్రం ఆమె వెళ్ళి పిలిచేదాకా దిగలేదు. అలగలేదు కూడా. పొమ్మంది, వెళ్ళాడు, రమ్మంది, వచ్చాడు. అంతే.

అలాంటి మనిషి ఏడాది కిందట అన్నం తింటూ, “వచ్చే నెల మనం వేరే ఊరు వెళ్తున్నాం. కంపెనీ అక్కడ సూపర్‌వైజర్ పని ఇస్తోంది,” అన్నాడు. “మనం అని ఎవరు తేల్చారు? నన్ను అడిగావా?” అందామె. అతను గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు. మాట మీద మాట ఆమె ఒక్కతే పెంచింది, ఎదుటి నుంచి ఒక్కటీ రాలేదు కాబట్టి. చివరికి, “ఇంతోటిదానికి నాతో కాపురం దేనికి? విడాకుల కాగితం పంపించు, సంతకం పెట్టి పారేస్తా,” అని సంచి సర్దుకుని అక్క ఇంటికి వచ్చేసింది. అతను పంపించాడు. పంపమంది మరి.

“ఏం మరిదీ, వాయిదాకొచ్చావా, డ్యూటీకొచ్చావా?” అని అడిగింది అక్క, ఊపిరి ఇంకా కుదుటపడకుండానే.

అతను తల బయటికి తీశాడు. ముక్కు మీద మసి ఉంది. “రెండింటికీ వదినా,” అన్నాడు. అన్నాక ఆ పిలుపు ఇప్పుడు చెల్లుతుందో లేదో తెలియక చేతిలోని స్క్రూడ్రైవరు అటూ ఇటూ తిప్పాడు. సూదిపిల్ల వంక ఒకసారి చూసి, “రిలే స్విచ్చి అంటుకుపోయింది,” అన్నాడు. ఆమెకు చెప్పాడో, గోడకు చెప్పాడో తేలలేదు.

మరుక్షణం గోడ లోపల సన్నగా మోత మొదలైంది. లిఫ్టు తలుపులు విచ్చుకున్నాయి. మోకాళ్ళ నొప్పుల ముసలివాళ్ళు ఇద్దరు చప్పట్లు కొట్టారు. నవ్వొద్దనుకుంటూనే సూదిపిల్ల తల తిప్పుకుని నవ్వుకుంది.

ఆ నవ్వు హాల్లోకి అడుగుపెట్టేదాకానే.

అవతలి లాయరు లేచి జవాబు దావా చదివాడు. పిటిషనర్‌కు సమన్లు అందలేదన్నది అబద్ధం. ఆమె పనిచేసే బైండింగు దుకాణంలో యజమాని సంతకం చేసి తీసుకున్నాడు. అన్నీ తెలిసే ఆమె రాలేదు. డిక్రీని కదిలించడానికి కారణం లేదు. కింద భర్త సంతకం.

జడ్జిగారు ఆడమనిషి. కళ్ళద్దాలు గొలుసుకు వేలాడదీసుకుని, నోట్లో దగ్గుబిళ్ళ చప్పరిస్తూ విన్నారు. అద్దాలు పెట్టుకుని సూదిపిల్లను చూశారు. “ఏమ్మా, సమన్లు మీకు అందాయా?”

“లేదు మేడమ్.”

“అందాయి,” అన్నాడు భర్త వెనక బెంచీ నుంచి. అతన్నెవరూ అడగలేదు.

సూదిపిల్ల గిరుక్కున తిరిగింది. “అందలేదు!”

“అందాయి. సంతకం ఉంది.”

“అందితే రాకుండా ఉంటానా?”

“నేనూ అదే అనుకున్నాను,” అన్నాడతను మెల్లగా.

“ఆగండి, ఆగండి,” అన్నారు జడ్జిగారు. “ఇదేమన్నా మీ వంటిల్లనుకున్నారా? ఆ సంతకం పెట్టినాయన్ను పిలవండి.”

బైండింగు దుకాణం యజమాని బోనెక్కాడు. ఆయన్ను ఊరంతా జిగురు మాస్టారు అంటారు. పిండి జిగురు గోళ్ళలో ఎండిపోయి, కడిగినా వదలని స్థితికి వచ్చి పాతికేళ్ళయింది. పనిలో చేరిన రోజున ఆమెకు ‘సూదిపిల్ల’ అని పేరు పెట్టింది కూడా ఆయనే. కోర్టు కట్టలన్నీ కుట్టించేది ఆయన దుకాణమే గానీ, కోర్టు బోను ఎక్కడం మాత్రం ఇదే మొదలు. చొక్కా పై గుండీ దాకా పెట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డాడు.

“ఈ సంతకం మీదేనా?” అడిగాడు అవతలి లాయరు.

“నాదే బాబూ. పక్కనున్న జిగురు మరక కూడా నాదే.”

“ఈ సమన్లు తీసుకున్నారు. తీసుకుని ఆమెకు ఇచ్చారా, లేదా?”

“ఇచ్చాను.”

హాలంతా ఒక్కసారి గుసగుసలాడింది. సూదిపిల్ల తల ఎత్తి బోను వంక చూసింది. మాస్టారేనా ఈ మాట అంటున్నది? ఆకలి అనకముందే అన్నం గిన్నె ముందు పెట్టే మాస్టారేనా? అవతలి లాయరు జడ్జిగారికి తల వంచి, “ఇంతకన్నా నేను అడగాల్సింది లేదు మేడమ్,” అని హాయిగా కూర్చున్నాడు.

లాయరమ్మ లేచింది. చిన్న వయసే గానీ తొణకని మనిషి. “మాస్టారూ, ఆ కాగితం ఆమెకు ఇచ్చేటప్పుడు ఏమని చెప్పి ఇచ్చారు?”

“ఏమీ చెప్పలేదమ్మా. ఆ రోజు పనిలో ఉన్న కట్ట మీద పెట్టి ఇచ్చాను.”

“ఎందుకని?”

జిగురు మాస్టారు ఆమెను వింతగా చూశాడు. ఇంత చదువుకున్న పిల్ల ఇదేం అడగడం అన్నట్టు. “కోర్టు నుంచి కాగితం వస్తే ఎందుకిస్తామమ్మా? కుట్టడానికి.”

ముందు టైపు కొట్టే గుమాస్తా నవ్వాడు. తర్వాత వెనక బెంచీలు. జడ్జిగారు దగ్గుబిళ్ళ అడ్డం పడ్డట్టు దగ్గారు. “అంటే, సమన్లు కుట్టేశారా?”

“మాకు కోర్టు కాగితమంటే ఒకటే అమ్మగారూ. వారానికి నాలుగు కట్టలొస్తాయి. తెచ్చే మనిషి మారతాడు, సంతకం పుస్తకం మారుతుంది. ఒక్కోసారి, ‘ఇదొకటి మిగిలిపోయింది’ అని ఒంటి కాగితం తెచ్చిస్తారు. నా దుకాణంలో నియమాలు రెండే. కోర్టు కట్టలోంచి కాగితం తియ్యకూడదు. కోర్టు కట్టలో కాగితం చదవకూడదు. జనం కష్టాలు చదువుతూ కూర్చుంటే కుట్టు వంకర పోతుంది. ఆ పిల్లకి మొదటి రోజునే నేర్పాను. ఇన్నేళ్ళలో మా దగ్గర ఒక్క కాగితం పోలేదు...”

గొప్పగా మొదలుపెట్టిన మాట మధ్యలో ఆగింది. జిగురు మాస్టారు చేతులు బోను చట్రం మీద బిగుసుకున్నాయి. తను ఏం చెబుతున్నాడో ఆయనకు అప్పుడు బోధపడింది.

“అమ్మాయ్,” అన్నాడు సూదిపిల్ల వైపు తిరిగి, కోర్టును మరిచిపోయి. “నీ కాపురం కాగితం నీ చేతనే కుట్టించానా?”

ఆయన కళ్ళు తడిశాయి. ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదేమో గానీ రాలేదు. “కుట్టింది నేను కదా మాస్టారూ. నా కళ్ళెక్కడ పెట్టుకున్నాను?” అంది.

“బాగుంది కథ,” అన్నాడు అవతలి లాయరు మళ్ళీ లేచి. “బైండింగు దుకాణంలో కుట్టేశారట! ఏ పుస్తకంలో? ఎక్కడ? రికార్డు గదిలో వేల సంపుటాలున్నాయి మేడమ్. ఆధారం ఏదీ?”

సూదిపిల్ల కళ్ళు మూసుకుంది. చదవని కాగితం కళ్ళకు గుర్తుండదు. చేతులకు మాత్రం కొన్ని గుర్తుంటాయి. సంతకం కింద ఉన్న తేదీని మనసులో తిప్పింది. ఆ వారం వాన. దారం తెచ్చే మనిషి రాలేదు. తెల్లదారం ఉండ అయిపోయింది.

“నీలం దారం,” అంది కళ్ళు తెరిచి.

“ఏమిటమ్మా?”

“ఆ వారం మా దగ్గర తెల్లదారం అయిపోయింది మేడమ్. పని ఆగకూడదని ఒకే ఒక్క పుస్తకం నీలం దారంతో కుట్టాను. మాస్టారు తిట్టారు కూడా, కోర్టు పుస్తకానికి రంగు దారమేంటని. వేల పుస్తకాలున్నా అలాంటిది ఒక్కటే ఉంటుంది. ఉంటే అందులోనే ఉండాలి.”

జడ్జిగారు గడియారం చూశారు. “రికార్డు గది కింద ఉంది. మెట్లెక్కి తెచ్చేసరికి భోజనాల వేళవుతుంది.”

“లిఫ్టు పనిచేస్తోంది మేడమ్,” అన్నాడు భర్త. అతన్ని ఇప్పుడు కూడా ఎవరూ అడగలేదు.

రికార్డు గుమాస్తా పావుగంటలో పుస్తకం తెచ్చాడు. ఎర్ర అట్ట, నల్ల వీపు, రెండు ఇటుకలంత బరువు. జడ్జిగారి బల్ల మీద పెట్టి మధ్యకు తెరిచాడు. కాగితాల మడతలో సన్నగా, వరసగా, నీలంగా మెరిసింది కుట్టు.

అక్క నోరు మూసుకోలేకపోయింది. “మా చెల్లి చెయ్యేనండీ అది! కొలిచి గీత గీసినట్టు ఎలా ఉందో చూడండి!”

“వెనక ఎవరో మాట్లాడుతున్నారు,” అన్నారు జడ్జిగారు. కానీ కుట్టు వంక ఆవిడా కాసేపు మెచ్చుకోలుగానే చూశారు.

గుమాస్తా ఒక్కొక్క కాగితం తిప్పసాగాడు. సూదిపిల్ల ఆగలేకపోయింది. “నేను చూడనా మేడమ్?” అని అడిగి, ఊ అనగానే ముందుకు వెళ్ళింది. పేజీలు తిప్పలేదు. పుస్తకం అంచు మీద బొటనవేలు పెట్టి మెల్లగా కిందికి జార్చింది. కోర్టు కాగితమంతా ఒకే మందం, ఒకే గరుకు. మూడు వంతులు దాటాక వేలు ఆగింది. అక్కడ ఏదో మెత్తగా తగిలింది.

తెరిచింది. ఎవరిదో గోడ తగాదా ఉత్తర్వుకు, ఇంకెవరిదో తోట తగాదా ఉత్తర్వుకు నడుమ, వెనక్కి మడిచి, రాత లోపలికి పోయేలా పెట్టిన కాగితాలు. సమన్లు. దాని వెనక విడాకుల పిటిషన్ నకలు. రెండింటి మీదా ఆమె పేరు. రెండింటి నడుమ నుంచీ నీలం దారం.

హాలు మొత్తం ఒక్క గొంతుతో “ఆఁ” అంది.

“ఇదేమిటి?” అన్నారు జడ్జిగారు ముందుకు వంగి. పిటిషన్ మడతలో మరొక కాగితం ఉంది. గీతల నోటు పుస్తకంలోంచి చింపినది. చేతిరాత. అదీ కుట్టులో ఇరుక్కుపోయి ఉంది.

భర్త లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడిపోయాయి. “అది నాది మేడమ్. పిటిషన్ కాపీలో నేనే పెట్టాను. మా లాయరుగారికి చెప్పలేదు.”

అవతలి లాయరు తన కక్షిదారుణ్ని చూసిన చూపు ఎలా ఉందంటే, కొత్తగా కొన్న గొడుగుకు చిల్లు కనిపించినట్టు ఉంది.

“సమన్లు ఎక్కడున్నాయో కోర్టు కళ్ళారా చూసింది, అవి అక్కడే ఉంటాయి,” అన్నారు జడ్జిగారు. “ఈ చేతిరాత మాత్రం కోర్టు కాగితం కాదు. ఎవరికి రాశారో వాళ్ళకి చేరాలి. తీయగలరా?”

“రికార్డు కొయ్యడానికి వీల్లేదండీ,” అన్నాడు రికార్డు గుమాస్తా కంగారుగా.

“కుట్టింది నేనే. విప్పేదీ నేనే. మళ్ళీ కుట్టేదీ నేనే,” అంది సూదిపిల్ల. సంచిలోంచి సూదుల డబ్బా, మడతలు నొక్కే బద్ద తీసింది. జడ్జిగారు తన ఎదుటే విప్పుతున్నట్టు టైపు చేయించి, కానివ్వమన్నారు. ఆ ఒక్క మడతలో ముడి వదులు చేసి, దారం సడలించి, కాగితం చిరగకుండా బయటికి లాగి, అదే రంధ్రాల్లోంచి దారం బిగించి ముడేసింది. అంత పెద్ద హాల్లో దారం జారిన చప్పుడు వినిపించింది.

తర్వాత చదివింది. బతుకులో మొదటిసారి, కోర్టు పుస్తకంలోంచి వచ్చిన కాగితం చదివింది.

*‘కాగితం పంపమన్నావు. పంపిస్తున్నాను. కోపంలో అన్నావో, నిజంగానే అన్నావో నాకు తెలియడం లేదు. మోటారు గొంతు మారితే తెలుస్తుంది. మనుషుల గొంతు మారితే తెలియదు. అందుకని ఒక పద్ధతి అనుకున్నాను. ఇందులో ఉన్న తేదీకి నువ్వు కోర్టుకు వస్తే, నీకు ఇది ఇష్టం లేదని తెలుసుకుంటాను. అక్కడికక్కడే వెనక్కి తీసుకుంటాను. వంటింట్లో కుళాయి బాగుచేశాను, ఇప్పుడు కారడం లేదు. వేరే ఊరి ఉద్యోగానికి నేను ఇంకా ఊ అనలేదు.’*

దాని కింద ఇంకో వరస ఉంది. ఉంది అనడం కన్నా ఉండేది అనాలి. కుట్టాక పుస్తకం అంచులు సమంగా రావడానికి కోత మిషన్ కింద పెడతారు. పొడుగ్గా ఉన్న ఆ కాగితం అడుగు కత్తి కింద పడిపోయింది. చివరి వరసలో అక్షరాలన్నీ పోయి, తలకట్లు మాత్రం పిట్టల బారులా మిగిలాయి.

“నాకు గుర్తుంది,” అంటున్నారు జడ్జిగారు పాత ఫైలు తిప్పుతూ. “మూడు వాయిదాలు మీరే అడిగారు. ఎదుటి మనిషి రాలేదు, డిక్రీ ఇవ్వండి అనాల్సినవాడు ఇంకో తేదీ ఇవ్వండి అంటున్నాడేమిటా అనుకున్నాను. ఎందుకడిగారు?”

“తలుపు వైపు చూస్తున్నాను మేడమ్. మూడుసార్లూ,” అన్నాడతను.

సూదిపిల్ల కాగితాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆమె, ఒక్క మాటైనా అడక్కుండా నన్ను వదిలేశాడు అనుకుంది. అతను, కాగితం అందినా ఒక్క అడుగైనా వేయకుండా నన్ను వదిలేసింది అనుకున్నాడు. ఇద్దరి మధ్యా ఉన్నది నీలం దారం ఒక్కటే.

జడ్జిగారు టైపు గుమాస్తా వైపు తిరిగారు. “దుకాణం యజమాని చేతికిచ్చిన సమన్లు భార్య చేతికి ఇచ్చినట్టు కాదు. పైగా ఆ సమన్లు ఈ కోర్టు రికార్డులోనే కుట్టి ఉన్నాయి. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు చేయడమైనది.” తల ఎత్తి ఇద్దర్నీ చూశారు. “అర్థమైందా? ఈ క్షణం నుంచి మీరిద్దరూ మళ్ళీ భార్యాభర్తలే. విడాకుల కేసు కూడా మళ్ళీ మొదటికొచ్చింది. నడుపుకుంటారో లేదో—”

“వెనక్కి తీసుకుంటాను మేడమ్,” అన్నాడు భర్త.

“అప్పుడేనా?” అన్నాడు అతని లాయరు.

“వస్తే అక్కడికక్కడే తీసుకుంటానని రాశాను. వచ్చింది కదా.”

వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అక్కే అయి ఉండాలి. ఆ సందట్లో సూదిపిల్ల గొంతు ఖంగుమంది.

“నేను ఒప్పుకోను మేడమ్!”

హాలు బిత్తరపోయింది. జిగురు మాస్టారు “అమ్మాయ్!” అన్నాడు.

“నన్ను అడక్కుండానే వేశాడు. ఇప్పుడు నన్ను అడక్కుండానే తీసేస్తానంటున్నాడు. నా కాపురం సంగతి నన్ను అడిగేవాళ్ళెవరూ లేరా?”

జడ్జిగారు అద్దాలు తీసి, గొలుసుకు వదిలేసి, ఇంక దాచుకోలేక నవ్వేశారు. “న్యాయంగానే ఉంది. పదిహేను రోజులు వాయిదా. అయ్యా, ఈలోపు ఆమెను అడగండి. నోటితో అడగండి. కోర్టు ద్వారా వద్దు.”

వరండాలోకి వచ్చాక అక్క లాయరమ్మను కౌగిలించుకుంది, జిగురు మాస్టారు చెయ్యి పట్టుకుని ఊపింది, దారిన పోయే గుమాస్తాకు కూడా నమస్కారం పెట్టింది. భర్త స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. ముక్కు మీద మసి ఇంకా అలాగే ఉంది. సూదిపిల్ల కొంగుతో తుడవబోయి, చెయ్యి మధ్యలో ఆపుకుని, కాగితం చూపించింది.

“చివరి వరస మా కత్తి తినేసింది. ఏం రాశావు?”

అతను జేబులోంచి మరమ్మతు చీటీల పుస్తకం తీసి, స్తంభానికి ఆనించి ఏదో రాసి, చింపి, నాలుగు మడతలు పెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

“ఈసారి కుట్టెయ్యకుండా చదువు,” అన్నాడు. అని, ఆమె ముఖం చూడలేక గబగబా వెళ్ళి లిఫ్టెక్కేశాడు. తలుపులు మూసుకున్నాయి.

మడతలు విప్పింది. ఒకే ఒక్క మాట ఉంది.

*‘నువ్వేమంటావు?’*

పెళ్ళయి మూడేళ్ళు దాటినా ఈ మాట అతని నోట వినలేదు. గోడకు ఏ రంగు వేయాలన్నా, ఏ ఊరు వెళ్ళాలన్నా వినలేదు. ఆ మాటే తొమ్మిది నెలల కిందట రాసి పంపితే, తమ దుకాణం కత్తే కోసి చెత్తబుట్టలో పడేసింది.

“ఏం రాశాడే?” అంటున్న అక్క చేతిలో సంచి పడేసి, మెట్ల మీద పరుగందుకుంది. రెండో అంతస్తు మలుపు తిరిగేసరికి ఠంగుమని మోత, ఆపైన నిశ్శబ్దం. లిఫ్టు రెండో అంతస్తుకూ మొదటి అంతస్తుకూ మధ్య ఆగిపోయింది.

“మళ్ళీ ఆగింది! మెకానిక్కుని పిలవండి!” అని అరిచాడు కింద నుంచి ఎవరో.

“మెకానిక్కే లోపలున్నాడండీ!” అని జవాబిచ్చింది పై నుంచి అక్క.

జనం గొల్లున నవ్వారు. సూదిపిల్లకు మాత్రం తెలుసు. లోపల ఎర్ర బొత్తం ఒకటుంటుందనీ, నొక్కితే ఎక్కడున్నది అక్కడ ఆగిపోతుందనీ కొత్త పెళ్ళికూతురిగా ఉన్నప్పుడు అతనే చూపించాడు. రెండో అంతస్తు తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కింద ఉన్న సన్నని సందులోకి వంగింది.

“నువ్వే ఆపావు కదూ?”

లోపలి నుంచి, “ఊఁ,” అని వచ్చింది.

“చదివాను.”

“ఊఁ.”

“ఇంతకీ ఆ ఊరి ఉద్యోగం ఏమైంది?”

“డిక్రీ చేతికొచ్చిన రోజున ఊ అన్నాను. సోమవారం వెళ్ళి చేరాలి.” తర్వాత, ఎదురుగా మనిషి లేకపోవడం వల్ల వచ్చిన ధైర్యమో ఏమో, కాగితం లేకుండా, చీటీ లేకుండా, తన నోటితోనే అడిగాడు. “నువ్వేమంటావు? నువ్వు చెప్పాకే బొత్తం వదులుతాను.”

మెట్ల మీద నుంచి జిగురు మాస్టారు వంగి చూస్తున్నాడు. ఆయన చేతిలో ఆమె సూదుల డబ్బా ఉంది, హాల్లో మరిచిపోతే తెచ్చాడు. సూదిపిల్ల దాని వంక చూసింది. చీకటి సందు వంక చూసింది. అడిగే మనిషి కోసం ఇన్నాళ్ళూ ఎదురుచూసింది గానీ, అడిగితే ఏం చెప్పాలో ఒక్కసారి కూడా అనుకోలేదు.

సందుకు నోరు ఆనించి, పైనున్నవాళ్ళకు వినబడకుండా గొంతు తగ్గించి, “విను,” అంది సూదిపిల్ల.